తలుపు మూశాక మొదలయ్యే పని

తాడు వేయడం తర్వాత చెబుతాను. ముందు ఈ లావుపాటి పుస్తకం చూడండి. తేదీ, వేళ, ఏ వీధిలో పట్టాం, ఏ పశువు, రంగు, కొమ్ముల తీరు, చెవి ట్యాగు నంబరు, ఒంటిమీద దెబ్బలు, పాడిదా, చూడిదా, వట్టిపోయిందా. పశువు బండి దిగేలోపు ఈ గడులన్నీ నిండాలి. దిగాక రాస్తే ఎవరూ నమ్మరు. కాలు కుంటుతున్న ఆవును తెచ్చామనుకోండి, రాయకపోతే ఆ కుంటు మన చేతిలో వచ్చిందే అవుతుంది. వీధిలో పశువును పట్టే అధికారం మునిసిపాలిటీకి ఉంది, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. పట్టిన పశువును ఎలా ఉంచామన్న దగ్గరే మనల్ని నిలదీస్తారు. నిలదీయాలి కూడా.

నాది యానాం. గోదావరి ఒడ్డున పుట్టి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దాటొచ్చి పుదుచ్చేరిలో, ఈ సారం వీధుల్లో పశువుల పనిలో పడ్డాను. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి మావాళ్లకు ఇక్కడికి ఉద్యోగానికి రావడం కొత్తేమీ కాదు. మా వైపు పెద్ద ఊళ్లన్నిటిలో బందెలదొడ్డి ఉండేది. చేలో పడి మేసిన గేదెను తోలుకొచ్చి దొడ్లో పడేస్తే, ఆసామి బందె కట్టి విడిపించుకునేవాడు. ఆ దొడ్ల వెనకున్న చట్టం 1871 నాటిది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు దాన్ని ఒకసారైనా చదవాలి. అందులో పశువులంటే ఆవులూ గేదెలే కాదు, ఏనుగులూ ఒంటెలూ గాడిదలూ పందులూ మేకలూ అన్నీ వస్తాయి. పట్టినవాడు ఇరవై నాలుగు గంటల్లోగా దొడ్డికి తోలాలి. మేపాల్సింది దొడ్డి కాపరి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు స్టేషనుకు కబురు చేయాలి. వాళ్లు నోటీసు అంటించి, పట్టిన చోటికి దగ్గరున్న ఊళ్లోనూ సంతలోనూ దండోరా వేయించాలి. మరో ఏడు రోజులు చూసి అప్పుడే వేలం. దొడ్డి నుంచి పశువును బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా జైలు. అలాగే, అన్యాయంగా పట్టారనుకుంటే పది రోజుల్లోగా మెజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేసే హక్కు ఆసామికీ ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఒకటుంది. ఆ వేలంలో దొడ్డి కాపరి పాడకూడదు, తన తరఫున ఇంకొకరి చేతా పాడించకూడదు. ఆసామి రాకపోతే నాకే లాభమన్న ఆశ ఒక్కసారి మనసులో పుడితే, దండోరా మెల్లగా మోగుతుంది, నోటీసు తలుపు వెనక్కి పోతుంది. నూటయాభై ఏళ్ల కిందట ఆ సంగతి ఎవరో బాగా ఎరిగే రాశారు.

సారంలో చేలు లేవు, ఉన్నది ట్రాఫిక్కు. ఇరుకు సందుల్లో రెండు మూడు ఆవులు పెట్టుకుని పాలు పోసుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మేపడానికి సెంటు భూమి ఉండదు. తెల్లవారుజామున పాలు పిండి ఆవును వీధిలోకి వదులుతారు. అది కూరగాయల చెత్త, హోటలు ఎంగిలాకులు తిని సాయంత్రానికి దానంతటదే ఇల్లు చేరుతుంది. ఐప్పసి, కార్తిగై నెలల వానల్లో మాత్రం ఇల్లు చేరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ కుండపోత. నేలంతా బురద, దోమలు. తారురోడ్డు ఒక్కటే ఆరి, కాస్త వెచ్చగా ఉంటుంది. అందుకని కామరాజ్ సాలై మధ్యలో గుంపుగా పడుకుంటాయి. నల్లావు, నల్లరోడ్డు, ఎదురుగా వచ్చే బండి లైటు. బైకు మీద వచ్చేవాడికి ఆఖరి క్షణం దాకా కనిపించదు. మా పనికి అసలు సీజను అదే, వేళ తెల్లవారుజాము నాలుగు.

ఇప్పుడు తాడు సంగతి. నాకీ విద్య నేర్పింది మా మేస్త్రీ. కడలూరు వైపు తమిళుడు, నన్ను “తంబీ” అనే పిలిచేవారు. మెడకు ఎప్పుడూ ఉరిముడి వేయకూడదని మొదట నేర్పారు. లాగేకొద్దీ బిగుసుకుంటుంది, పశువు ఊపిరాడక పడిపోతుంది. బిగుసుకోని ముడి కళ్లు మూసుకుని కూడా వేయగలగాలి. ముందు నుంచి వెళ్లొద్దు, వెనక నుంచి అసలే వద్దు. దానికి కనిపిస్తూ పక్క నుంచి, భుజం దగ్గరికి వెళ్లాలి. అరవొద్దు, పరిగెత్తొద్దు. వీధిలో పది మంది చేరి “పట్టు, పట్టు” అంటుంటే ఆ రోజుకు వదిలేసి రావడమే మంచిది. బెదిరిన ఆవు స్కూటర్ల మధ్యలోకి దూకితే ఆ తప్పు మనదే. దూడ ఉంటే ముందు దూడను ఎత్తి బండిలో పెట్టాలి. తల్లిని లాగక్కర్లేదు, వెనకే వచ్చి బల్లమీద కాలు పెడుతుంది. ఈ ఒక్క కిటుకు ఎన్ని నడుములను కాపాడిందో.

ఆబోతుల దగ్గర ఈ కిటుకు పారదు. అప్పట్లో సారం సందుల్లో కొమ్ములు తిరిగిన ఆబోతు ఒకటుండేది. బళ్లను కుమ్మేది, బడిపిల్లలు ఆ సందు మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవారు. దాన్ని పట్టడానికి మేస్త్రీ నాకు తాడు ఇవ్వలేదు, కుడితి బకెట్టు ఇచ్చారు. రోజూ అదే వేళకు, అదే వేపచెట్టు కింద కుడితి పెట్టి పక్కన నిలబడాలి, అంతే. మొదట బకెట్టు తన్నేసింది. తర్వాత దూరం నుంచి వాసన చూసింది. కొన్నాళ్లకు నేను వెళ్లేసరికే చెట్టు కింద కాచుకుని ఉండేది. ఒక ఉదయం అది తల బకెట్లో పెట్టి తాగుతుంటే మెడ మీదుగా తాడు జార్చి, కొసను వేపచెట్టుకు రెండు చుట్లు వేశాను. రంకె వేసింది, గింజుకుంది, చెట్టు కదల్లేదు. మేస్త్రీ వచ్చి తాడు కొస ఆయన పట్టుకుని, “ఇవాళ పుస్తకం నువ్వు రాయి తంబీ” అన్నారు. ఆ మాట కోసమే అన్నాళ్లూ ఆ బకెట్టు మోశానేమో అనిపించింది. ఆ పేజీ ఎక్కడుందో ఈరోజుకీ చెప్పగలను.

దొడ్లోకి వచ్చిన పశువుకు ముందు నీళ్లు, తర్వాతే మేత. మేతంటే వరిగడ్డి, కాస్త పచ్చిగడ్డి. జాలిపడి ఎవరైనా తెచ్చే అన్నం, ఇడ్లీలు పొరపాటున కూడా పెట్టొద్దు. ఎక్కువ అన్నం తిన్న ఆవుకు పొట్ట పులిసిపోతుంది, ప్రాణమే పోవచ్చు. మొదటి రాత్రి కూర్చుని నెమరు వేస్తోందో లేదో చూడండి. నెమరు లేకుండా ఎడమ డొక్క ఉబ్బి ఉంటే తెల్లారే దాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయాలి. వీధి ఆవుల కడుపులో ప్లాస్టిక్కు ఉండడం మామూలే, పొట్ట కోసి తీయాల్సి వస్తుంది. కురుంబాపేటలోని పశువైద్య కళాశాల మాకు దగ్గరే. అక్కడ చదువుకుని వచ్చిన యువ వైద్యులు చెప్పేది చెవిపెట్టి వినండి. మనకు చేయి తెలుసు, వాళ్లకు లోపలేముందో తెలుసు.

పాడి ఆవును వేళకు పిండకపోతే పొదుగువాపు వస్తుంది. దూడ ఉంటే దూడకు వదలాలి, మిగిలింది ఇద్దరి ఎదుట పిండి, ఎంతో రాసి, ఎటు పోయిందో కూడా రాయాలి. పాల దగ్గర మాట పడితే ఎన్నేళ్ల మంచిపేరైనా పోతుంది.

ఆసాములు వస్తారు, కోపంతో వస్తారు. వాళ్లతో పాటు ఫోన్లూ వస్తాయి. గొంతు పెంచొద్దు. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఆవును చూపించి, పుస్తకం చూపించండి. ఆవు కడుపు నిండి ఉండడం కళ్లారా చూస్తే సగం కోపం అక్కడే దిగుతుంది. ఇక తన ఆవేనని తేల్చుకోవడం. ఒకచోట ఫోనులో ఫోటో చూపించినవాడికి ఆవును అప్పగించేశారు, మర్నాడు అసలు ఆసామి ఏడుస్తూ వచ్చాడు. ఇప్పుడు చెవికి పసుపు ట్యాగు, దానిమీద పన్నెండు అంకెలు ఉంటున్నాయి కాబట్టి పని సులువైంది. కానీ జరిమానా భయంతో ట్యాగు తెంపేసేవాళ్లూ ఉన్నారు, చీలిన చెవి చూస్తే తెలిసిపోతుంది. అలాంటప్పుడు మేస్త్రీ పద్ధతే. వచ్చినవాణ్ణి గోడ వెనక నిలబెట్టి, ఇంట్లో పిలిచే పేరుతో పిలవమనేవారు. తన ఆవైతే చెవులు అటు తిరుగుతాయి, చాలాసార్లు అంబా అని బదులిస్తుంది. ఆవు చెప్పిన సాక్ష్యం తప్పగా నేను చూడలేదు.

జరిమానా ఎంత ఉండాలన్నది పెద్దలు తేల్చాల్సింది. చెన్నైలో మొదటిసారికి పదివేలు, మళ్లీ దొరికితే పదిహేను వేలు చేశారు. పాలిచ్చే ఆవు కోసం ఆసామి అప్పు చేసైనా కడతాడు. వట్టిపోయిన ఆవుకూ కోడెదూడకూ ఆ లెక్క కుదరదు. జరిమానా, రోజువారీ మేత ఖర్చు కలిపి పశువు ధరను దాటితే ఇక ఆసామి రాడు, అది మన దగ్గరే ఉండిపోతుంది. జరిమానా పెంచేటప్పుడు ఆ మిగిలిపోయే పశువులకు గడ్డి ఎక్కడిదో కూడా అదే కాగితం మీద రాయాలని నేను అంటాను. అధికారుల ముందూ అన్నాను.

కుక్కల పని వేరు. ఆసామి లేడు, బందె లేదు, వేలం లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో మొదటి నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి. పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలి, రేబిస్ టీకా వేయించాలి, చెవికి గుర్తు కత్తిరించాలి, పట్టిన చోటే వదలాలి. దీనికి దారి చూపింది మనకు పక్కనే ఉన్న మద్రాసు. అక్కడ కార్పొరేషను వీధికుక్కలను ఏళ్ల తరబడి చంపించింది, అయినా వీధులు ఖాళీ కాలేదు. చంపడం మాని ఆపరేషన్లు చేయమని 1960లలోనే మొదలుపెట్టి అక్కడి జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ అడుగుతూ వచ్చింది, 1996లో అది అమల్లోకి వచ్చింది. అదే ఏడాది విశాఖపట్నంలో మనవాళ్లు వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ పెట్టారు.

పట్టిన చోటే వదలడం చెప్పినంత తేలిక కాదు. కొత్తగా చేరిన కుర్రాడొకడు రెండు వీధుల కుక్కలను తారుమారు చేసి వదిలాడు. తెల్లారేసరికి ఒకటి చెవి తెగి, ఒళ్లంతా గాట్లతో దొరికింది. అప్పటి నుంచి బోనుకో చీటీ, మెడకో నంబరు పట్టీ, పట్టిన గుమ్మం కనిపించేలా ఫోనులో ఫోటో. ఒకే వీధి కుక్కలను పక్కపక్క బోన్లలో పెట్టండి, రాత్రంతా మొరిగే గొడవ తగ్గుతుంది. పాలు తాగే పిల్లలున్న తల్లిని పట్టొద్దు. పట్టేది వలతో, వీలైతే ఉత్త చేతులతో. ఇనుప పటకారుతో మెడ బిగించి ఈడ్చే పాత పద్ధతిని నా ముందు ఎవరినీ చేయనివ్వను. ఊటీ దగ్గర డబ్ల్యూవీఎస్ అనే పశువైద్య సేవాసంస్థ కేంద్రంలో వల పట్టడం నేర్చుకొచ్చినవాళ్లను చూస్తే ఇదెంత నాజూకైన విద్యో తెలుస్తుంది. వల వేసి, మెలితిప్పి మూతి బిగించి, కుక్క కుయ్యిమనేలోపే సూది పడుతుంది.

మీకు టీకా పడనిదే మా బండి ఎక్కనివ్వను. కరవకముందే వేయించుకోవాలి. అయినా పన్ను దిగితే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా ఆసుపత్రికి. గొంతు మారిన కుక్క, దవడ వేలాడేసి చొంగ కార్చేది, నీళ్లు మింగలేనిది కనిపిస్తే చేయి పెట్టొద్దు, డాక్టరును పిలిచి విడి గదిలో పెట్టాలి. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. రేబిస్ వచ్చిన మనిషి బతకడం దాదాపు లేదు. ఇందులో ధైర్యసాహసాలకు చోటు లేదు.

2025లో మా పని ఇంకో మలుపు తిరిగింది. ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతా కుక్కలను ఆపరేషను, టీకా తర్వాత పట్టిన చోటే వదలమని చెప్పింది. నవంబరు 7న మరో ఉత్తర్వు. బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు, షెల్టర్లలో ఉంచాలి. రహదారుల మీది పశువులనూ తీసి నీడ చూపించాలి. ఇంతకాలం కుట్టు ఆరగానే వెళ్లిపోయే అతిథులకు కట్టిన బోన్లు మావి. ఇక అలాంటి చోట్ల పట్టి తెచ్చే కుక్క బతికినన్నాళ్లూ మన దగ్గరే ఉంటుంది. పదేళ్లు ఉండొచ్చు. బోనులో పదేళ్లు ఉంచడం ఉంచడం కాదు. తిరగడానికి నేల కావాలి, పడమటెండ తగలని నీడ కావాలి.

అందుకే కొత్త షెడ్డు మాట వచ్చినప్పుడు, ప్లాను గీసేముందు మమ్మల్ని కూడా కూర్చోబెట్టమని అడిగాను. నేల బయటికి వాలుగా ఉండాలి, కడిగిన నీళ్లు ఒక గది నుంచి ఇంకో గదిలోకి పారకూడదు, లేకపోతే కుక్కలకు వచ్చే పార్వో జబ్బు ఒక్క వారంలో షెడ్డంతా చుట్టేస్తుంది. కొత్తగా వచ్చినవాటికి విడి గది, దానికి వేరే చీపురు, వేరే బకెట్టు. పశువులకూ కుక్కలకూ మధ్య గోడ. నవంబరు వానకు నీళ్లు నిలవనంత ఎత్తులో పునాది. రాత్రికి ఒక మనిషి, ఆ మనిషికి జీతం. మేస్త్రీ రిటైరై చాలాకాలమైంది, అయినా ఈ జాబితాను తమిళంలో రాయించి ఆయనకు చూపించాను. చదివి, చివర్లో ఒక వాక్యం చేర్పించారు: తొట్టి కుళాయి గేటు దగ్గర కాదు, షెడ్డు ఆ కొసన పెట్టాలి, నీళ్లు పట్టేవాడు రోజూ అన్ని బోన్ల ముందు నుంచీ నడిచి వెళ్లేటట్టు.