పళ్ళెం వచ్చాకే సూది

కణేకల్ వారికి పెద్దాసుపత్రి అంటే ఒకవైపు అనంతపురం, మరొకవైపు బళ్ళారి. అంతదూరం వెళ్ళి చేరే మధుమేహ రోగులలో అధికులు, నేను చూచినంతవరకు, చక్కెర కోసం చేరినవారు కారు. ఉత్తకాళ్ళతో వేరుశనగ చేలో తిరిగి తెచ్చుకున్న పుండో, జ్వరమో, గుండెనొప్పో వారిని అక్కడికి చేరుస్తుంది. వైద్యుని చూపంతా ఆ వ్యాధిపైనే నిలుస్తుంది. మధుమేహం కేసుషీటులో ఒక పంక్తిగా మిగిలిపోతుంది. ఆ పొరపాటు నేనూ చేశాను.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కాలిపుండుతో ఒక రైతు చేరాడు. ఉదయం ఏడింటికి ఇన్సులిన్ అని వ్రాశాను. ఫలహారం ఎన్నింటికి అందుతుందో విచారించలేదు. ఆనాడు అది ఆలస్యమైంది. నేను వార్డులో అడుగుపెట్టగానే అతని భార్య ఎదురువచ్చి, “సారూ, సూది ఏసి శానా సేపాయ, కూడు ఇంగా రాల్యా. మనిషి ఒగ మాదిరిగా మాట్లాడుతాండాడు” అన్నది. ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. నరంలోకి గ్లూకోజు ఎక్కించగా కొద్ది నిమిషాలలో తేరుకున్నాడు. నర్సును మందలించబోయి ఆగాను. ఆమె నేను వ్రాసినదే చేసింది.

నాటినుండి పళ్ళెం వార్డులోకి వచ్చిన పిమ్మటే సూది వేయాలనీ, అరగంటలోపు రోగి తినాలనీ వ్రాసేవాడిని.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు భోజనానికి ముందూ, పడుకునే ముందూ చక్కెర పరీక్షించాలి. చాలామంది రోగులకు అది 140 – 180 మధ్య ఉంటే మేలు. 70 కంటె తగ్గితే వెంటనే నర్సును పిలవండి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. పుండు ఒక కాలికే ఉన్నా, రెండు అరికాళ్ళనూ, వేళ్ళ సందులనూ చూడమని వైద్యుని అడగండి.

ఇంటికి పంపేటప్పుడు చీటీ చేతిలో పెట్టడం చాలదు. మోతాదు ఎంతో, ఎప్పుడు వేసుకోవాలో రోగి చేతనే చెప్పించాలి. మన వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండకు ఇన్సులిన్ చెడుతుంది. ఫ్రిజ్ లేని ఇంటిలో, తడి ఇసుక పోసిన కుండలో, సీసాకు తడి తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి నీడన ఉంచుకోవచ్చు.

ఆ రైతు భార్యకు చదువు రాదు. అయినా భర్తలోని తేడాను మా అందరికంటె ముందు కనిపెట్టింది. రోగి పక్కన కూర్చున్నవారు సంకోచించక చెప్పాలి. వైద్యుడు విసుగుకొనక వినాలి.