తాజా చేప వేరు, నిరపాయమైన చేప వేరు

మన్నెగూడలో సాయంత్రపు నడకకు వచ్చే యువకులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరు గారూ, జపానువారు పచ్చి చేపలు తిని ఆరోగ్యంగానే ఉన్నారు కదా! చెరువులో అప్పుడే పట్టిన చేపను మనమెందుకు అలా తినకూడదు?" సమాధానం మీ అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

పదవీ విరమణానంతరం టోక్యోలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ సుషీ తిన్నాను. 1935 నుండి సుకిజిలో నడిచిన టోకు చేపల మార్కెట్టు 2018 అక్టోబరులో తొయోసుకు తరలింది. అక్కడ ఒక చిన్న దుకాణంలో, వెనిగరు కలిపిన అన్నపు ముద్దపై పలుచని ట్యూనా ముక్క ఉంచి ఇచ్చారు. నీచు వాసన లేదు. వెన్నవలె మెత్తగా ఉంది. నాకు నచ్చింది.

అయితే ఆ ఉదయం వేలంపాటలో చూచిన ట్యూనాలలో చాలావరకు మంచు పట్టి రాళ్ళవలె ఉన్నాయి. దూర సముద్రాలలో పట్టిన ట్యూనాను సున్నాకు దిగువన 60 డిగ్రీల చలిలో నిల్వ చేస్తారు. మనం "తాజా" అనుకునే సుషీలో అధికభాగం ఇలా గడ్డకట్టించినదే.

ఆ చలి రుచిని నిలుపుటకే కాదు, రక్షణ కూడా. సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే పురుగు పిల్లలుంటాయి. పచ్చిగా తిన్న కొన్ని గంటలకే అవి జీర్ణాశయపు గోడను తొలిచి తీవ్రమైన నొప్పి కలిగిస్తాయి. అప్పుడు ఎండోస్కోపుతో వాటిని తీయవలసి వస్తుంది. నిమ్మరసం, ఉప్పు, వాసబి ఘాటు వాటిని చంపలేవు. సున్నాకు దిగువన 20 డిగ్రీలలో ఏడు రోజులుంచితే చస్తాయి. మన ఇంటి ఫ్రిజ్ అంత చలిని నిలకడగా ఇస్తుందని నమ్మరాదు.

ఇక మంచినీటి చేప సంగతి. ఈశాన్య థాయిలాండులో పచ్చి మంచినీటి చేపలు తినే అలవాటు వల్ల కాలేయపు పురుగులు పిత్తనాళాలలో ఏళ్ళ తరబడి నివసించి, చివరకు పిత్తనాళ క్యాన్సరుకు కారణమవుతున్నాయి. కొరమీను జాతి చేపలలో ఉండగల నాథోస్టోమా పురుగు చర్మం క్రింద ప్రాకుతుంది. అరుదుగా కంటికి, మెదడుకు కూడా చేరుతుంది. జపానువారు సైతం మంచినీటి పాముచేపను కాల్చిగాని వడ్డించరు.

కనుక ఇబ్రహీంపట్నం చెరువులో పట్టినదైనా, రాంనగర్ మార్కెట్టులో కొన్నదైనా, రవ్వ, బొచ్చె, కొరమీను ఏదైనా సరే, పచ్చిగా తినవద్దు. ముక్క ముల్లు నుండి తేలికగా విడివడి, లోపల తెల్లగా మారేవరకు ఉడకనివ్వండి. పచ్చి చేప కోసిన కత్తితో, పలకపై కూరగాయలు కోయకండి. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, మధుమేహ రోగులు, వృద్ధులు హోటళ్ళలో కూడా పచ్చి చేపకు దూరంగా ఉండాలి. ఆరోగ్యవంతులు తినదలిస్తే, గడ్డకట్టించిన సముద్రపు చేపేనా అని అడిగి తెలుసుకోండి. తిన్న తరువాత కడుపునొప్పి వస్తే, ఏమి తిన్నారో వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో రోగనిర్ధారణ ఎంతో సులువవుతుంది.

చేప మంచి ఆహారమే. మృగశిర కార్తెకు చింతపులుసు పోసి, మట్టి దాకలో బాగా ఉడికించిన చేపల కూరను నేటికీ నేను ఇష్టంగా తింటాను. మీరూ తినండి.