పాటలెంట తిరిగిన రోజులు - 6: ఎవరు చచ్చిపోయార్రా?



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు. "అన్నా, పాటల గురించి ఇంత రాస్తున్నావు, నీ ఫేవరెట్ బ్యాండ్ ఏది?" అని. మీ మనసులో పింక్ ఫ్లాయిడో, ఇండియన్ ఓషనో ఉండుంటాయి. వాటినీ విన్నాను. హైదరాబాదు హాస్టల్లో రూమ్మేట్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాను. కానీ బ్యాండ్ అనే మాట నాకు అక్కడ మొదలవలేదు. మా పేటలో "బ్యాండోళ్ళు" అనేవాళ్ళు. అక్కడ మొదలైంది.

మా చిన్నాయన బ్యాండోడు. క్లారినెట్టు వాయించేవాడు. చీరాల చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళంటే ఆ రోజుల్లో మా మాదిగపేట నుంచి పది పన్నెండు మంది కదలాల్సిందే. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కింద మాత్రం ఎవరి ప్యాంటు వాళ్ళది, కాళ్ళకి హవాయి చెప్పులు. రెండు ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ము, పొట్టకి కట్టుకునే పెద్ద డ్రమ్ము. ముందూ వెనకా పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని మా ఆడోళ్ళు. ఆ వేడికి వాళ్ళ జుట్టు ఎట్టా కమురు వాసన వచ్చేదో నాకు ఇప్పటికీ తెలుసు, ఎందుకంటే మా అమ్మ కూడా మోసింది.

చిన్నాయనకి నొటేషన్ రాదు. రేడియోలో ఒకసారి వింటే చాలు. ఇళయరాజా పాట అంటే పిచ్చి. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ముక్క, వయొలిన్లు ముప్పై మంది వాయించేది, ఈయన ఒక్క క్లారినెట్టులో లాక్కొచ్చేవాడు. పెళ్ళోళ్ళకి ఆ ముక్క అక్కర్లేదు. వాళ్ళకి నాగిని కావాలి. తాగినోడొకడు జేబురుమాలు నోట కరుచుకుని రోడ్డు మీద పొర్లుతుంటే వాడి ముందు వొంగి వొంగి వాయించాలి. వాడు పదిరూపాయల నోటు నుదుటికి అంటిస్తాడు. అది ఊడి కింద పడితే ఏరుకోవాలి. భోజనాలు ఆఖర్న, పశువుల కొట్టం పక్కన, విస్తళ్ళు మనవే మనం తీసుకోవాలి. ఊరేగింపు రామాలయం ముందుకొస్తే బ్యాండు ఆగేది, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ నాలుగిళ్ళ దూరం దాటాక మళ్ళీ మొదలయ్యేది. దేవుడికి చప్పుడు పడదని కాదు, ఆ గుళ్ళో భజనకి మైకు పెడితే మా పేట దాకా వినపడేది.

కానీ ఇంకో రకం కచేరీ ఉండేది. సీజన్ అయిపోయాక, వానాకాలం, చిన్నాయన ఇంటి అరుగు మీద. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బులివ్వరు. అప్పుడు ఆ మధ్య ముక్కలన్నీ వరసగా వాయించేవాడు. నాకు తెలిసిన మొదటి లైవ్ కాన్సర్ట్ అది. టికెట్ లేదు, ముందు వరస మాదే!

ఇళయరాజా గురించి ఒక మాట. ఆయన పద్నాలుగేళ్ళ వయసులో అన్న పావలర్ వరదరాజన్ బృందంలో చేరి ఊరూరా పాడుతూ తిరిగాడు. ఆ అన్న కమ్యూనిస్టు సభల్లో పాడిన మనిషి. ఆయన తన కులం గురించి మాట్లాడడు, మాట్లాడాలని నేను డిమాండ్ కూడా చెయ్యను. మా చిన్నాయనకి మాత్రం తెలుసు. "మనోడేరా" అని నెమ్మదిగా అనేవాడు, పక్కన ఎవరూ లేనప్పుడు.

డప్పు సంగతి వేరు. బ్యాండుకి తక్కువో ఎక్కువో బేరం ఉంటది. డప్పుకి బేరం లేదు. అది ఊరి వెట్టి. చావుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి, ఊళ్ళో చాటింపు వెయ్యాలి. ఏడాదికి కళ్ళంలో కాసిని గింజలు. రాను అంటే కట్టేసి కొట్టిన ఊళ్ళున్నాయి. మా తాత డప్పు గడ్డిమంట మీద కాపేటప్పుడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేవాడు. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల. తోలు తగినంత కాగిందో లేదో వేలితో ఒక్కసారి తట్టి చెప్పేవాడు. చావు దరువు మాత్రం ఇంట్లో కొట్టనిచ్చేవాడు కాదు. నేర్చుకోవాలంటే చావు దగ్గరే నేర్చుకోవాలి.

1994 జులై 7న మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టినప్పుడు, ఆ పేరు వినగానే మా పేటలో ముసలోళ్ళు నవ్వారు. దండోరా అంటే మనం ఊరికి వేసే చాటింపు కదా, ఇప్పుడు మన కోసం మనమే వేసుకుంటున్నామా అని. ఆ రోజుల్లో ఊరేగింపుల్లో వందల డప్పులు ఒకేసారి లేస్తే రొమ్ములో ఏదో కదిలేది. ఎన్ని పాటలు విన్నా ఆ అదురు వేరు. రోడ్డు పక్క మేడల మీద నిలబడి చూసే మొహాలు కూడా గుర్తే. చావుకి తప్ప ఆ చప్పుడు వినని మొహాలు అవి.

తర్వాత చదువు, హైదరాబాదు, గద్దర్. గోచి, గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర. ఆయన గురించి అందరూ రాశారు కాబట్టి నేను తక్కువ రాస్తా. నాకు నచ్చింది పాట కాదు, పాట మధ్యలో ఆగటం. రాగం తీస్తూ తీస్తూ ఠక్కున ఆపేసి, ముందు వరసలో కూర్చున్న ముసలామెతో ఇంట్లో మనిషిలాగా మాట్లాడేవాడు. అంతసేపూ వెనక కోరస్ నిలబెట్టి ఉంచేది. డప్పు సన్నగా నడుస్తా ఉండేది. ఆ డప్పు ఒక్క దెబ్బ తప్పితే గద్దర్ కూడా కింద పడతాడు. జననాట్యమండలిలో డప్పు రమేష్ అని ఉండేవాడు. డప్పుని పేరులోనే పెట్టుకున్నాడు. ఊళ్ళో డప్పోడు అని పిలిస్తే తిట్టు, స్టేజీ మీద డప్పు రమేష్ అంటే ఈలలు. మాట ఒకటే. ఎక్కడ నిలబడ్డావు అన్నదే తేడా.

ఇక చెన్నై.

2018 జనవరి 6. కీల్‌పాక్‌లో ఒక గ్రౌండు. పా. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్, టెన్మా అనే సంగీతకారుడు కలిసి తయారుచేసిన బ్యాండు, ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్, మొదటి ప్రదర్శన. పంతొమ్మిది మంది. పేరు ఎక్కడిదంటే, పండిత అయోతీదాస్ వందేళ్ళ కిందట వాడిన "కులం లేని తమిళులు" అన్న మాట నుంచి. చీరాల నుంచి రైలెక్కి పోయాను. దిగింది పులియంతోపులో మా మేనత్త ఇంట్లో.

ఈ మేనత్త గురించి చెప్పాలి. ఉత్తర చెన్నైలో తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలు చాలా ఉన్నాయి. నెల్లూరు నుంచి, మా వైపు నుంచి ఎప్పుడో తాతల కాలంలో మద్రాసు ఊడవటానికి పోయినోళ్ళు. ఊళ్ళో తోలు పని, అక్కడ చీపురు పని. ఆంధ్రా వేరయినా, మద్రాసు చెన్నై అయినా చీపురు మాత్రం చేతిలోనే ఉంది. అత్త కార్పొరేషన్ పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తిట్లు మాత్రం రెండింట్లోనూ.

"పాటల కచేరీ అంటన్నావుగా, నేనూ వస్తా" అని చీర మార్చుకుని బయల్దేరింది.

గ్రౌండు నిండిపోయింది. కాలేజీ పిల్లలు, నీలం చొక్కాలు, చంటిబిడ్డల్ని ఎత్తుకున్న ఆడోళ్ళు. లైట్లు ఆరిపోయాయి. చీకట్లో ముందు సట్టి మోగింది, దాని వెనక పరై. పరై అంటే మన డప్పుకి తోబుట్టువు. పరయర్ అనే కులం పేరులోనే అది ఉంది. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరు చచ్చిపోయార్రా?" అంది.

తమాషాకి అనలేదు. వాళ్ళ వీధిలో ఆ చప్పుడు వినపడిందంటే చావే. గానా పాట అంటే ఇవాళ సినిమాల్లో డాన్సు పాట. ఉత్తర చెన్నై పేటల్లో మాత్రం శవం పక్కన రాత్రంతా కూర్చుని, పోయినోడి గురించి కట్టే పాట. సట్టి పక్కన పెట్టుకుని తెల్లారేదాకా పాడతారు. అత్త అలాంటి రాత్రులు ఎన్ని చూసిందో. మామయ్య పోయినప్పుడు కూడా.

లైట్లు వెలిగాయి. స్టేజీ మీద అందరూ సూట్లలో ఉన్నారు. గానా పాడేవాళ్ళు, ర్యాప్ పాడే అరివు, ఆ గుంపులో ఒక్కతే ఆడపిల్ల ఇసైవాణి, గిటార్లు, డ్రమ్ సెట్టు, వాటి పక్కనే సట్టి, పరై. అత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "చూడరా, ఒక్కో సట్టికి ఒక్కో మైకు పెట్టారు."

నేను పాటల మాటలు పట్టుకుందామని తంటాలు పడుతున్నా. రిజర్వేషన్ల మీద ఒకటి, పరువు హత్యల మీద ఒకటి, నాకొచ్చిన అరకొర తమిళంతో. ఆమె మైకులు లెక్కపెడుతోంది. నిజానికి అసలు సంగతి ఆమే పట్టుకుంది. చప్పుడు ఎక్కువని మనం ఎప్పుడూ డప్పుకి మైకు పెట్టం. మైకు పెట్టాలంటే ఆ చప్పుడులో నువ్వు వినాల్సింది ఏదో ఉందని ముందు ఒప్పుకోవాలి. సిటికెన పుల్ల చేసే సన్నపని మైకు లేకపోతే నాలుగో వరస దాకా పోదు. మా తాత ఎడమచేత్తో ఏం చేసేవాడో ఊళ్ళో ఎవరికీ తెలియకుండానే పోయాడు.

ఇదే చెన్నైలో మృదంగం ఉంది. దాని మీద చెయ్యి వేసేవాడు విద్వాంసుడు. దానికి ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు కోసి బిగించేవాడు ఎక్కువగా దళిత క్రైస్తవుడు. టి.ఎం. కృష్ణ ఆ తయారీదారుల మీద "సెబాస్టియన్ అండ్ సన్స్" అని పుస్తకం రాస్తే, 2020లో ఆవిష్కరణకి ఇచ్చిన హాలుని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. మృదంగం లోపలికి రావచ్చు, దాని తోలు కథ రాకూడదు!

పేరు సంగతి కూడా అంతే. 2021లో "ఎంజాయ్ ఎంజామీ" ప్రపంచమంతా మోగింది. ఆ పాట రాసిందీ, ధీతో కలిసి పాడిందీ అరివు. సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసి సెంటు భూమి లేకుండా తిరిగొచ్చిన వాళ్ళ అమ్మమ్మ వల్లియమ్మాళ్ కథ అందులో ఉంది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా కవరు మీద అరివు లేడు. పా. రంజిత్ బయటకే అడిగాడు, గొడవయింది, ఆ తర్వాత అరివుతో ఇంకో డిజిటల్ కవరు వేశారు. అడిగితేనే వేశారు.

వాళ్ళని అనటం సులువు. ఇప్పుడు మన ఇంటి సంగతి, కోపం తెచ్చుకోకుండా చదవండి. రెండేళ్ళ కిందట ఒక పట్టణంలో ఒక సంఘం ఏప్రిల్ 14 సభ. పేరు చెప్పను. ర్యాలీ ముందు పన్నెండు మంది డప్పు కళాకారులు, మూడు కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు. సభాస్థలం రాగానే డప్పులు ఆగాయి. స్టేజీ మీద పదిహేడు కుర్చీలు, పదిహేడు శాలువాలు. డప్పులోళ్ళు టెంటు వెనక, వాటర్ ట్యాంకర్ నీడలో. బిర్యానీ ప్యాకెట్లు వాళ్ళ దాకా వచ్చేసరికి అయిపోయాయి. వక్తల్లో ఒకాయన డప్పు మన ఆత్మగౌరవ జెండా అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ జెండా వెనక కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. నేను వెళ్ళి వాళ్ళలో పెద్దాయన్ని అడిగాను, ఎంత ఇస్తున్నారు అని. "మన పనేగదయ్యా, పెట్రోలుకిస్తన్నారు" అన్నాడు.

"మన పనేగదా" అనే మాట మా తాతకి కరణం కూడా చెప్పేవాడు.

ఊళ్ళల్లో పెళ్ళి బ్యాండుని డీజే బాక్సులు మింగేశాయి. మా చిన్నాయన కొడుకు ఇప్పుడు ఆ డీజే బండికి డ్రైవరు. డప్పుకి ఇంకా పిలుపు ఉందంటే చావులకీ, పార్టీ ర్యాలీలకీ, మన సభలకీ. ఆ మూడిట్లో రేటు ఖాయం చేసి అడ్వాన్సు ఇస్తున్నది పార్టీలోళ్ళేనని కుర్రాళ్ళు నవ్వుతా చెప్తారు.

వచ్చే ఏప్రిల్‌కి క్యాంపస్‌లో సభ పెడుతున్న తమ్ముళ్ళు ముగ్గురు నాకు ఫోన్ చేశారు, వక్తగా రమ్మని. వస్తాను. కరపత్రంలో వక్తల పేర్లు వేసిన సైజులోనే డప్పు బృందంలో ప్రతి ఒక్కరి పేరూ వెయ్యండి. ముందే డబ్బు మాట్లాడండి. నా ప్రయాణ ఖర్చు వాళ్ళకిచ్చినా పర్లేదు, నేను పాసింజర్లో వస్తా. సౌండ్ వాడికి చెప్పి, చిర్రకొకటి, సిటికెన పుల్లకొకటి మైకులు పెట్టించండి. వాళ్ళు వాయించటం అయ్యాక నేను మాట్లాడతా, అప్పటికి టైముంటే.

అత్తకి మొన్న ఫోన్ చేశాను. రిటైరయింది, మోకాళ్ళ నొప్పులు. ఆ రాత్రి పాట ఒకటి మనవడి ఫోన్లో పెట్టించుకుని వింటోందంట. "సట్టి సరిగ్గా వినపట్టంలేదురా, ఫోనుకి చెప్పు" అంది.

ఆదివారం ఏడో భాగం. మా చర్చి కొయిర్ గురించి, హార్మోనియం ఎవరు ముట్టుకోవాలనే దాని మీద రెండు పేటల మధ్య జరిగిన యుద్ధం గురించి.