కోఠీ సందులో మోల్డుల కార్ఖానా

పరుగు నేర్పు ఫోను యాప్‌లను గూర్చియు, అవి చెవిలో పలుకు హితవచనములను గూర్చియు వ్రాయుమని సంపాదకులు కోరగా, వానిని అమ్ముకొనువారి యొద్దకు బోవుట నాకు రుచింపక, ఆ వచనములు ఎవరి చెవిని జేరుట లేదో వారి జాడ పట్టుకొని, కోఠీలో చెవి ముక్కు గొంతు ప్రభుత్వాసుపత్రికి అనతిదూరమున నున్న యొక సందులోనికి బోయితిని. అచ్చట చెవి మిషన్లకు మోల్డులు చేయు కార్ఖానా యొకటి గలదు. కార్ఖానా యనుట మర్యాదకు మాత్రమే. రెండు బల్లలు, ఒక గ్రైండరు, మేకులకు వ్రేలాడు సన్నని గొట్టముల కట్టలు, ప్లాస్టరు దుమ్ముతో తెల్లబడిన ఫ్యాను, ఇంతే. యజమానియు పనివాడును తానే యైన పెద్దాయనను అందఱును చాచా యని పిలుతురు.

నేను పోవునప్పటికి మలక్‌పేట నుండి వచ్చిన యొక టీచరమ్మ కుర్చీలో కూర్చుండి యుండెను. చాచా చిన్న దీపపు గొట్టముతో ఆమె చెవిలోనికి తొంగిచూచి, దారము కట్టిన దూదిబిళ్లను నాళపు రెండవ వంపు దాటువఱకు మెల్లగా జరిపి, రెండు రంగుల సిలికాను ముద్దలను అరచేత నుంచుకొని, ఏకవర్ణమగువఱకు బొటనవ్రేలితో మర్దించి, పిచికారీలో నింపి, చెవిదొప్పయంతయు నిండునట్లు పోసెను. ఆ మర్దనమున ఆయన త్వరపడడు, ఆలసింపడు. త్వరపడినచో గాలిబుడగ మిగులును. ఆలసించినచో ముద్ద చేతిలోనే గట్టిపడును. ఆ వ్రేళ్లను చూచుచు నేను సంపాదకుల ఆజ్ఞను కొంతసేపు మఱచితినని చెప్పుట అతిశయోక్తి కాదు.

"నోరు తెరువు బిడ్డా. ఇగ మూయి. ఉరికేటప్పుడు ఎట్ల ఊపిరి పీలుస్తవో అట్లనే చెయ్."

దవడ కదలినపుడు కర్ణనాళపు ఆకృతియు మాఱును. నోరు మూసికొని యిచ్చిన అచ్చుతో చేసిన మోల్డు, వగర్చుచు పరుగెత్తువేళ వదులైపోవును. ఇది తెలిసి అడుగువాడు శిల్పియే గాని వ్యాపారి కాడు.

సిలికాను ఆరులోపల టీచరమ్మ తన మొఱ వినిపింప నారంభించెను. ఒక చెవి పూడియుండుటచేత ఆమె కంఠము సందు చివరి దాక వినబడుచుండెను.

"ఫోన్ల మాట్లాడే ఆ పిల్ల ఏమంటదో సగమే సమజైతది చాచా. నడువుమంటే ఉరుకుతున్న, ఉరుకుమంటే నడుస్తున్న. మిషన్ మీదికెల్లి హెడ్‌ఫోన్ పెడితే కూ అని కూస్తది. మిషన్ తీసి బడ్స్ పెట్టుకుంటే గొణుగుడే. చెమట పట్టిందా, గొట్టంల నీళ్లు నిలిచి మొత్తం బందు."

ఆమె దోషము నరమునకు సంబంధించినది. అచ్చులు వినబడును, క, త, స వంటి హల్లులు జాఱిపోవును, శబ్దము పెంచిన కొలది రొద హెచ్చును గాని స్పష్టత హెచ్చదు. ఇది చూడలేక ఆమె కుమారుడు ఎముక మీదుగా ధ్వనిని పంపు హెడ్‌సెట్టు నొకదానిని కొనియిచ్చెనట. సంచిలోనుండి తీసిన దానిని చాచా త్రిప్పిచూచి, "చీము కారే చెవులోళ్లకు ఇది మంచిదే, రంధ్రం మూయదు. నీది నరం కమ్జోరి. ఎముకలకెల్లి పోయినా మాట ఆఖరికి ఆ నరం దగ్గరికే పోవాలె గద!" అనెను. బాహ్య మధ్య కర్ణముల లోపమునకును, అంతఃకర్ణ నాడీ లోపమునకును గల భేదమును ఇంత సూటిగా చెప్పిన వారిని నేనెఱుగను. ఫోను మాటను తిన్నగా తమలోనికే గ్రహించు మిషన్లును గలవు. ఆమెకు కొనగలిగినది అట్టిది కాదు.

ఇంతకును పరుగు యాప్‌లోని ఆ యదృశ్య గురువు చెప్పు రహస్యమేమి? 1996లో జాష్ క్లార్క్ అను అమెరికా యువకుడు, ఏబదియేండ్లు దాటిన తన తల్లివంటి వారిని దృష్టిలో నుంచుకొని, 'కౌచ్ టు 5కే' యను 9 వారముల ప్రణాళిక నొకదానిని రచించెను. వారమునకు 3 దినములు. మొదటి వారమున 5 నిమిషములు వడిగా నడచి, పిమ్మట 60 సెకనులు పరుగు, 90 సెకనులు నడక, ఇట్లు 20 నిమిషములు. తుదివారమున ఏకధాటిగా 30 నిమిషముల పరుగు. అది పుట్టినది లిఖితరూపముననే. పాలవాని లెక్క వలె గోడ క్యాలెండరు మీద వ్రాసికొనదగిన యీ స్వల్పవిషయమును గాయకుల పాటలతోను, ప్రోత్సాహపు పలుకులతోను చుట్టి, చెవి యను నొక్క ద్వారముననే పంపువారిని చూడగా నాకు కోపము వచ్చుచున్నది. ఫోనుకు తెర గలదు, ఒడలు వణకించు మోటారు గలదు. పరుగునకు దీర్ఘముగా నొకమాఱు, నడకకు హ్రస్వముగా రెండుమాఱులు నడుమునకు కట్టిన ఫోను వణికిన చాలును. చేతిగడియారములు ఈ పని నేటికే చేయుచున్నవి. కొఱవడినది సాధనము కాదు, చెవిటివాడును పరుగెత్తునను ఊహ.

1924లో పారిస్ నగరమున బధిరుల అంతర్జాతీయ క్రీడలు మొదలైనవి. నేటి డెఫ్లింపిక్స్‌లో శ్రవణయంత్రములు తీసివేసియే పోటీ పడవలెను. కనుక పరుగు మొదలిడువారికి తుపాకి చప్పుడు కాక దీపము సంజ్ఞ నిచ్చును. ఎఱుపు వెలిగిన గీత కడ నిలుతురు, పసుపునకు సిద్ధపడుదురు, పచ్చకు దూకుదురు. అంత దూరమేల? మన బడులలో డ్రిల్లు మాష్టరు ఈల వేయుచునే చేయి పైకెత్తెడివాడు. వెనుక వరుసలో వినబడని పిల్లవాడు ఆ చేతిని చూచి అందఱితోపాటే కదలెడివాడు. ఆ చేయి యెవరికిని బరువు కాలేదు. గురువును జేబులో పెట్టుకొనిన తరువాత మనము దానిని పారవైచితిమి.

వినికిడి గలవారికి మాత్రము ఇందు లాభమేమి? కోఠీ బస్సుల మోతను గెలువవలెనని శబ్దము పెంచు యువకుని చూడుడు. 80 డెసిబెల్‌ల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చునని, 90కి చేరినచో 4 గంటలే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వెనుక వచ్చు లారీ హారను వినబడకపోవుట వేఱుగ.

టీచరమ్మ మాత్రము ఊరకుండలేదు. అరచేత బాల్‌పెన్నుతో '60, 90' అని వ్రాసికొని పోగా చెమటకు చెఱిగిపోయెనట. ఇప్పుడు కరెంటు స్తంభములు లెక్కించుచున్నది. నాలుగు స్తంభములు పరుగు, నాలుగు నడక. పరుగున నిమిషములో పోవు దూరమును, నడకన నిమిషమున్నరలో పోవు దూరమును ఇంచుమించు సమానమే యగుట చేత, ఆమె లెక్క ఫోను లెక్కకు తీసిపోదు.

"వాళ్లకు ఉత్తరం గూడ రాసిన చాచా, మాటలతోపాటు వణుకుడు పెట్టుండ్రి అని. జవాబొచ్చింది. మీ సమస్య వివరంగ చెప్పడానికి ఈ నంబర్‌కు ఫోన్ చెయ్యుండ్రి అన్నరు."

చాచా అచ్చును చెవిదొప్ప పైభాగమునుండి వదులుచేసి మెల్లగా బయటికి లాగి, వెలుతురునకు పట్టి, బుడగ లేదని నిశ్చయించుకొని డబ్బాలో పెట్టెను. గొట్టము పసుపుబాఱిన వెంటనే మార్చుకొనవలెననియు, పరుగు నుండి రాగానే రబ్బరు బుడ్డితో ఊది నీరు వెళ్లగొట్టవలెననియు ఇంతకుముందే పలుమాఱు చెప్పినట్లున్న మాటలనే గట్టిగా మరల చెప్పెను.

"ఇగ ఆ నంబర్ నాకియ్యి. మాట్లాడేది నేను మాట్లాడుత."

ఆమె బిల్లు వెనుక నంబరు వ్రాసి యిచ్చెను. ఆయన అప్పుడే ఫోను తీసెను.