చెవుల దగ్గర పంతాలు వద్దు

విమానం కిందికి దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు పడతాయి కదా, అప్పుడు మీరేం చేస్తారు? ఆవలిస్తారు, గుటకలు మింగుతారు. చెవి టప్పున తెరుచుకుంటే హమ్మయ్య అనుకుంటారు. అండమాన్‌లోనో, మన రుషికొండ దగ్గరో స్కూబా డైవింగుకి దిగేవాళ్లకీ ఇదే తంతు. కాకపోతే విమానంలో అరగంటసేపు మెల్లగా పెరిగే ఒత్తిడి, నీళ్లలో సుమారు రెండున్నర మీటర్లు దిగేసరికే మీదపడుతుంది. 10 మీటర్లకు వెళ్లేసరికి పైనున్నదానికి రెట్టింపు. అది మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లదాకా దిగాలి. అంటే చెవులకు అసలు గండం అడుగున కాదు, పైపైనే!

కర్ణభేరి వెనక గాలితో నిండిన చిన్న గది ఉంటుంది. అక్కణ్ణించి ముక్కు వెనక్కి ఓ సన్నని గొట్టం, యూస్టేషియన్ నాళం. మామూలుగా మూసుకునే ఉంటుంది, గుటక వేస్తే రెప్పపాటు తెరుచుకుంటుంది. పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి సాధారణంగా దానంతటదే బయటికి పోతుంది. దిగేటప్పుడు మాత్రం మనం పంపితేగానీ లోపలికి పోదు. ఆలస్యం చేశామా, ఆ ఒత్తిడికి నాళం మూతి అతుక్కుపోతుంది. ఇక ఎంత ఊదినా దండగే.

అందుకే ముక్కు మూసుకుని మెల్లగా ముక్కులోకి ఊదమంటారు. దీనికి వల్సాల్వా పద్ధతి అని పేరు. వల్సాల్వా ఓ ఇటలీ వైద్యుడు, 1704లో చెవి గురించి పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. ఆయన దీన్ని చెప్పింది చెవిలో చీము బయటికి పోవడానికట! ఉత్త ఊదుడుతో పని కాకపోతే ఊదుతూనే ఓ గుటక వేసి చూడాలి. అంతేగానీ బుగ్గలు ఎర్రబడేలా బలమంతా పెట్టకండి. లోచెవి దెబ్బతింటే వినికిడికే ముప్పు.

ఈ పని నీటి మీద ఉండగానే మొదలుపెట్టాలి. తర్వాత రెండు మూడు అడుగులకోసారి. నొప్పి పుట్టాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. తాడు పట్టుకుని, తల పైకి ఉంచి, కాళ్లు ముందుగా దిగితే చెవులు తేలిగ్గా తెరుచుకుంటాయి. తెరుచుకోలేదా, ఆగండి. అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవి చూపించండి. మీ శిక్షకుడు ఓ మీటరు పైకి తీసుకొస్తాడు, అక్కడ మళ్లీ ఊదండి. అన్నట్టు, అంతా బాగుందని బొటనవేలు పైకెత్తకండి. డైవర్ల భాషలో దానర్థం ‘పైకి పోదాం’ అని. ఆయన నిజంగానే మిమ్మల్ని పైకి లాక్కుపోతాడు!

జలుబుంటే మాత్రం దిగనే వద్దు. డబ్బు కట్టేశాం కదా అని ముక్కులో చుక్కలు వేసుకుని దిగే పెద్దమనుషులుంటారు. మందు పనితనం నీళ్లలో ఉండగా తగ్గిపోతే పైకొచ్చేటప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుంది. దిగకుండా ఉండిపోవచ్చు, ఎక్కకుండా ఉండలేం కదా! చెవుల్లో ప్లగ్గులు కూడా పనికిరావు.

బయటికొచ్చాక చెవి పోటెత్తినా, వినికిడి మందగించినా, తల తిరిగినా ఇంట్లోవాళ్లు వెల్లుల్లి నూనె కాచి పోస్తామంటారు. వద్దని చెప్పండి. కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి, ఆయన సరే అనేదాకా మళ్లీ నీళ్లలోకి దిగకండి.