మూరెక్కువ పేగు

తలనొప్పి అంటే చాల్‌లో పదిమంది మందు చెబుతారు. దొడ్డికి రావడం లేదు అని మాత్రం ఎవరూ నోరు తెరవరు, ఆడవాళ్ళు అసలే తెరవరు. నేనూ 30 ఏండ్లు తెరవలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే నా మనుమరాలి వల్ల. ఆ సంగతి తర్వాత చెప్త.

1978లో పెండ్లి అయినంక కరీంనగర్ జిల్లాలోని మా ఊరి నుంచి వర్లీలోని చాల్‌కు వచ్చిన. ఒక్కటే ఖోలీ. అత్తమ్మ, మామ, మరిది, మేమిద్దరం, మిల్లు పనికని ఊరి నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు. సందాసులు అంతస్తు చివర, అందరికీ కలిపి. మా ఆయనది సాంచాల ఖాతా, మొదటి పాళీ. పొద్దున 7 గంటల లోపల గేటు దాటాలె. కాబట్టి తెల్లారుజామున మగవాళ్ళంతా డబ్బాలు పట్టుకొని లైను కట్టేవాళ్ళు. ఆ లైనులో కొత్తకోడలు ఎట్ల నిలబడుతది? అయితే నాలుగింటికి చీకట్ల పోవాలె, లేకుంటే వంట, బట్టలు, నీళ్ళు అన్నీ అయినంక మధ్యాహ్నం. వచ్చినప్పుడు పోవాలె అనే మాట మాకు చెల్లేది కాదు. వీలైనప్పుడు పోవాలె. లేవాల్సిన పని పడొద్దని నీళ్ళు కూడా తక్కువే తాగేదాన్ని. మా అంతస్తులో సగంమంది ఆడవాళ్ళ లెక్క ఇదే.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. మగవాళ్ళు ఇంటిపట్టున ఉండేసరికి లైను పొద్దంతా ఉండేది. సమ్మె గురించి పెద్దవాళ్ళు ఎన్నో రాసిండ్రు గాని ఈ ముచ్చట ఎవరూ రాయలేదు.

మొదట మూడు రోజులకొకసారి, తర్వాత అయిదు రోజులకు, ఒక్కోసారి వారం. కడుపు ఉబ్బి చీర కుచ్చిళ్ళు నిలిచేవి కావు. అత్తమ్మ ఆముదం తాగించింది. తర్వాత సునాముఖి పొడి పట్టిన. అది తిన్న రోజు కడుపు మెలిపెట్టి నీళ్ళలాగ పోయేది, మళ్ళీ నాలుగు రోజులు ఏమీ లేదు. పొడి చెంచా నుంచి రెండు చెంచాలకు పెరిగింది. ఒక డాక్టరు, పేరెందుకులే, నా ముఖం కూడా చూడకుండ "ఇదంతా మనసులో ఉంటుంది బాయీ" అన్నాడు. ఆ మాట చాలా ఏండ్లు నమ్మిన.

కొడుకు కళ్యాణ్‌లో ఫ్లాటు తీసుకున్నాడు. సందాసు ఇంట్లోనే, లైను లేదు, తలుపుకు గడియ ఉంది. ఇగ నా కష్టం తీరిందనుకున్న. తీరలేదు. అన్ని ఏండ్లు ఆపుకొన్న ఒళ్ళు, ఆపుకోవడమే నేర్చుకున్నది.

2009లో పెద్దాసుపత్రిలో కింది నుంచి తెల్లమందు ఎక్కించి ఎక్స్‌రే తీసిండ్రు. చిన్న వయసు డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది. పెద్దపేగు కడుపు చుట్టూ చౌకట్టులాగ ఉండాలట, సుమారు 5 అడుగులు. నాది పైకి పోయి వంగి, కిందికి జారి, మళ్ళీ చుట్ట తిరిగి ఉంది. కొందరికి పుట్టుకతోనే ఇట్ల పొడుగుంటుందట. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదట కూడా. పెద్దపేగు పని నీళ్ళు పీల్చుకోవడం. మలం దారి పొడుగై, పైగా మనం ఆపుకొని ఎంతసేపు లోపల ఉంచితే అంత ఎండిపోయి గట్టిపడుతుంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "నీ పేగును మూరెక్కువ నేసి దించిండ్రే" అన్నాడు. నవ్విన. తర్వాత వంటింట్లకు పోయి ఏడ్చిన. మనసులో కాదు, ఫిల్ములో ఉన్నది.

పేగు కోయాల్సిన అవసరం లేదన్నారు. పీచు తినమంటే నేను ఆత్రంగా ఇసబ్గోల్ మూడేసి చెంచాలు మింగి, నీళ్ళు మాత్రం పాత అలవాటుగా అరగ్లాసే తాగిన. కడుపు డోలయింది. నీళ్ళు చాలకపోతే అది లోపల ముద్ద కడుతుంది. నెమ్మదిగాపోయే పేగుకు ఎక్కువ పీచు గాలి పట్టిస్తుందని డాక్టరమ్మే చెప్పి, ఒక చెంచాకు తగ్గించి, రాత్రి తాగే లాక్టులోజ్ సిరప్పు రాసింది. సునాముఖి రోజూ వద్దన్నది. పొద్దున చాయ్, జొన్నరొట్టె తిన్న పావుగంటకు, వచ్చినా రాకున్నా పోయి కూర్చుంట. తిన్నంక పేగు దానంతట అదే కదులుతుందట. కమోడు ఎత్తు, కాళ్ళకింద చిన్న పీట వేసుకుంట. ఇది ఏ మందుకన్నా ఎక్కువ పనిచేసింది, నవ్వకండి. ఎవరికి ఏ మందు పడుతుందో డాక్టరుకే వదిలెయ్యండి. రక్తం పడ్డా, ఒళ్ళు తగ్గినా, 50 దాటినంక కొత్తగా మొదలైనా ఆముదంతో సరిపెట్టుకోకండి.

ఒకసారి బుద్ధిలేని పని చేసిన. చుట్టాల పెండ్లిలో కడుపు బిగుసుకుపోయింది, గాలి కూడా పోలేదు, ఒకసారి వాంతయింది. పెండ్లిలో ఈ మాట ఎట్ల చెప్పాలె అని ఒక రాత్రి, ఒక పగలు ఓర్చుకున్న. ఆసుపత్రికి పోతే, మలం గట్టిపడి అడ్డం పడిందని ఎనిమా ఇచ్చిండ్రు, దిగిపోయింది. కాని డాక్టరు కోప్పడ్డాడు. పొడుగు పేగు తనమీద తనే మెలిక పడవచ్చు, అప్పుడు కూడా ఇవే గుర్తులు, ఆలస్యమైతే పేగు కుళ్ళి ప్రాణం పోతుంది అన్నాడు. సిగ్గుకు ప్రాణం ఇచ్చేదాన్ని.

ఇగ మనుమరాలు. మూడో తరగతి. బడి నుంచి రాగానే కడుపు పట్టుకొని పండుకునేది. కోడలు పురుగుల మందు తాగించింది. నేను దాని సంచి సర్దుతుంటే నీళ్ళ సీసా నిండుగా ఉంది, పొద్దున నింపినట్లే. అడిగితే చెవిలో చెప్పింది, "నాయినమ్మా, బళ్ళె సందాసుకు గడియ లేదు. గలీజుంటది. నేను నీళ్ళు తాగను."

నా కాళ్ళు వణికినయి. రాత్రి కొడుకుకు నా కథంతా చెప్పిన, మొదటిసారి. వాడు టీవీ ఆపి, "అమ్మా, మాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. పొద్దున కోడలు ఇంకో ముగ్గురు తల్లులను తీసుకొని బడికి పోయింది. ఒకాయన "చిన్న పిల్లలు, ఓర్చుకుంటారు" అన్నాడట. ఓర్చుకుంటే ఏమైతదో మా అత్త ఎక్స్‌రే తెచ్చి చూపించమంటారా అని అడిగిందట మా కోడలు. పదిహేను రోజులకు గడియ పెట్టిండ్రు. కడగడం ఇంకా సరిగ్గా లేదు, మళ్ళీ పోతామంటున్నది.

రోజూ సాయంత్రం ముందుగాల సీసా ఎత్తి ఊపి చూస్త. నిన్న సగానికి దిగింది.