అడుగుకు అరంగుళం

చింతామణి మీదుగా పోయే చిన్న రైలుకు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. అడుగుకు అరంగుళం లెక్కన తగ్గిస్తే అంగుళం పావు. నాకు భిన్నాలు వంటబట్టింది ఈ లెక్కతోనే. నేర్పింది మా చిన్నాయన. బాగేపల్లిలో డ్రాయింగు మేష్ట్రు ఆయన. శనివారం సాయంత్రం బస్సు దిగి చింతామణిలో మా ఇంటికి వచ్చేవాడు. ఇత్తడి రేకుతో రైలింజను చెయ్యాలి, అందులో కొన్న భాగం ఒక్కటీ ఉండకూడదు అన్నది ఆయన పట్టుదల.

అప్పట్లో మాదంతా కోలారు జిల్లా. చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయింది 2007లో. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. బంగారుపేటలో బయలుదేరి కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం దాటి యలహంక చేరే ఆ లైను 1910ల్లో పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉన్న కాలం (1912–18) కూడా అదే. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురం పక్కనే గనక, మా పెద్దవాళ్లు దాన్ని సొంత మనిషి వేయించిన రైలుగానే చెప్పుకునేవాళ్లు. బొరుగుల మూటలు, పట్టుగూళ్ల బుట్టలు, పెళ్లివాళ్లు, అందరూ ఎక్కేది అందులోనే.

ఇంజను స్టేషనులో నిలబడి నీళ్లు పట్టుకునేంతసేపే మాకు సమయం. టైలరు టేపు నా చేతిలో, నోటుబుక్కు ఆయన చేతిలో. ముందర నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్దవి, వెనక రెండు. డ్రైవరు అడ్డు చెప్పేవాడు కాదు, "కాలే తావ ముట్టద్దు అబ్బోడా" అని మాత్రం హెచ్చరించేవాడు. రివెట్లు లెక్కపెట్టి చెప్పడం నా పని.

ఆదివారాలు కంచర మామ కొట్లో గడిచేవి. ఇత్తడి రేకు వంచేకొద్దీ గట్టిపడుతుంది, ఇంకా వంచితే చీలుతుంది. అందుకని మసక ఎరుపు తిరిగేదాకా కాల్చి చల్లార్చి, మెత్తబడ్డాక ఇనుప గొట్టం మీద వేసి కొయ్య సుత్తితో మెల్లగా బాయిలరు ఆకారానికి తెచ్చేవాళ్లు. దాని అతుకు వెలిగారం చల్లి పెద్ద మంట మీద వేసేవాళ్లు. ఆ తర్వాత వచ్చే కడ్డీలు, మెట్లు, పిడులు తగరం, సీసం కలిపిన మాటుతో అతికేవి. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉంటే ఆ మాటు 183 డిగ్రీలకే కరుగుతుంది. అందువల్ల కొత్త అతుకు వేస్తే బాయిలరు అతుక్కి భయం లేదు. చిక్కంతా చిన్న భాగాలతోనే. ఇత్తడిలో వేడి పరిగెత్తుతుంది, ఇటు కడ్డీ అతికిస్తుంటే అటు మెట్టు ఊడుతుంది. అతికిన చోట తడిగుడ్డ చుట్టి పట్టుకోమని నన్ను నిలబెట్టేవాళ్లు.

రివెట్లు మాత్రం అతికించినవి కావు. రేకును సీసం దిమ్మ మీద బోర్లా పరిచి, వెనక నుంచి మొద్దు మొన ఉన్న పోగరతో ఒక్కో దెబ్బ వేస్తే ముందువైపు ఆవగింజలాగా పొంగుతుంది. దెబ్బ ఎక్కువైతే చిల్లు, తక్కువైతే కంటికి ఆనదు. వరసలో ఒక్కటి పక్కకు జరిగినా చిన్నాయన ఆ రేకు మొత్తం తీసేసి కొత్తది మొదలుపెట్టేవాడు. అది చాదస్తమని మా నాయన అనేవాడు గానీ, నాకు ఆ పనిలో గొప్ప మర్యాద కనిపించేది. ఎక్కడో ఎవరో కొట్టిన రివెట్టును మళ్లీ కొట్టేవాడు దాన్ని అంత శ్రద్ధగానూ చూసి ఉండాలి.

నునుపైన ఇత్తడికి రంగు ఒక పట్టాన అంటదు. చింతపండు పులుసుతో తోమి, సోడా నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాక ఇంక చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు తగిలిన చోట రంగు పొరలు పొరలుగా లేస్తుంది. తీగకు వేలాడదీసి, పలచన చేసిన ఎర్ర ప్రైమరును ఫ్లిట్ పంపుతో పొగమంచులా కొట్టేవాడు. మా వైపు గాలిలో దుమ్ము తక్కువా! వాన వెలిసిన మరునాటి పొద్దున దాకా ఆగి, గదిలో తడి గోనెపట్టాలు కట్టి, అప్పుడు నల్ల రంగు. డబ్బాలోని నలుపు మరీ నిగనిగలాడుతుందని దీపం మసి కలిపాడు. ఇంజను 24వ వంతుకు తగ్గితే మెరుపు కూడా 24వ వంతే ఉండాలనేవాడు. ముందు దూలానికి ఎరుపు. దాని మీద నంబరు, అంగళ్లకు బోర్డులు రాసే పెయింటరు సన్న కుంచెతో రాసిపెట్టాడు.

ఆ లైను ఇప్పుడు లేదు. 1990ల్లో గేజి మార్పు మొదలైంది, చిక్కబళ్లాపురం, కోలారు మధ్య బ్రాడ్‌గేజి రైలు 2013లో వచ్చింది. నేరోగేజి ఇంజనును దగ్గరగా చూడాలంటే 1979లో పెట్టిన మైసూరు రైల్వే మ్యూజియానికి పోవాలి. స్టాఫర్డ్‌లోని బాగ్నల్ కంపెనీ కట్టిన ఇంజను అక్కడుంది, చక్రాలు అదే వరసలో.

బాగేపల్లికి అసలు రైలే లేదు. చిన్నాయన తన ఇంజనును తువ్వాల్లో చుట్టుకుని బస్సులో తీసుకుపోయింది అందుకే. బల్ల మీద పెట్టి పక్క నుంచి, ముందు నుంచి, పైనుంచి మూడు బొమ్మలు గీయమన్నాడట. రైలు ఎన్నడూ చూడని పిల్లలు అందులో చాలామంది. పైకప్పు మరలు విప్పి లోపల చూపిస్తే ఒకడు లేచి, "డ్రైవరు యాడ కూర్చుంటాడు సార్?" అని అడిగాడట. ఆ శనివారం ఆయన ఇంట్లో సంచీ కూడా దించలేదు.

"రా అబ్బోడా, స్టేషనుకు పోదాం. సీటు కొలవల్ల."